అయిదో ఇంటి మఖమల్

ఇందుబాయికి గల్లీ పిల్లలందరి కొలతలూ నోటికొచ్చు. రఖమాబాయి చిన్నకొడుకు ఛాతీ ఎంతో, రాజన్న బిడ్డకు గౌను ఎంత పొడుగుండాలో టేపు తీయకుండానే చెప్పేది. ఈ ఏడు కుట్టిన అంగీ వచ్చే ఏటికి ఎన్ని వేళ్లు పొట్టిదవుతుందో కూడా ముందే ఊహించి, అంచు మడతలో అంత గుడ్డ దాచి కుట్టేది. నాందేడ్‌లో మిల్లు గోడ వెనకున్న ఆ గల్లీలో ఆమె చేతి బట్ట తొడుక్కోని పిల్లవాడంటూ లేడు, ఒక్కడు తప్ప. ఆ ఒక్కడు ఆమె కన్నకొడుకు.

వాడి పేరు భిక్షపతి. వాడికి ఆ పేరు పెట్టిందీ, వాడి ఒంటికి కొత్తబట్ట తగలకుండా కాపలా కాసిందీ ఒక్కరే, ఇందుబాయి అత్త శివవ్వ. భిక్షపతికి ముందు పుట్టిన ఇద్దరూ ఏడాది నిండకుండానే పోయారు. మూడోవాడు పుట్టి కెవ్వుమన్న రోజునే శివవ్వ మాహూర్ దిక్కుకు తిరిగి రేణుకమ్మకు మొక్కుకుంది. అయిదేళ్లు నిండిన చైత్రంలో కొండకు తీసుకొచ్చి పుట్టువెంట్రుకలు తీయిస్తాను, అంతదాకా వీడికి కొత్తగుడ్డ తొడగను, నలుగురిళ్లలో అడుక్కొచ్చిందే తొడుగుతాను అని. వీడెవడో ఎవరికీ అక్కర్లేని అడుక్కొచ్చిన పిల్లవాడని చావు అనుకోవాలి, అనుకొని గడప తొక్కకుండా తన దారిన తాను పోవాలి. అదీ సంగతి.

అడుక్కోవడానికి కూడా శివవ్వ దగ్గర పద్ధతి ఉండేది. గడప బయట చెప్పులు లేకుండా నిలబడాలి. రెండు చేతులతో కొంగు పట్టాలి. "తోచింది వెయ్యి తల్లీ" అనాలి, అంతే. ఏం కావాలో చెప్పకూడదు. "ఏరుకుంటే గది బిచ్చమెట్లయితది? బజార్ల బేరమయితది" అనేది శివవ్వ. వచ్చిన బట్టకు చిరుగు కుట్టొచ్చు, గుండీ వేయొచ్చు. కత్తెర మాత్రం పెట్టకూడదు. కత్తెర పెట్టి కొత్త వస్తువేదైనా చేయాల్సివస్తే అయిదిళ్ల గుడ్డ కలవాలి.

భిక్షపతికి ఇదంతా పెద్ద సరదా. వాడికి అయిదేళ్లు నిండవస్తున్నాయి, తలమీద తీయని పుట్టువెంట్రుకలు జడగా అల్లి ఉండేవి, నోరు మూతపడేది కాదు. "ఈ అంగీ ఎవరిదిరా?" అని గల్లీలో ఎవరడిగినా చాలు, ఛాతీ విరుచుకొని నిలబడేవాడు. "అంగీ రాజన్న కాకోల్లది. నిక్కరు రఖమా మావ్షిది. బన్యను మహబూబీ ఖాలాది." బాబాయి, పిన్ని వరసలు కలిపి అప్పజెప్పడం అయ్యాక చప్పట్ల కోసం చుట్టూ చూసేవాడు. అందరూ నవ్వేవారు, బుగ్గ గిల్లేవారు. మిషను ముందు కూర్చున్న ఇందుబాయి మాత్రం తల ఎత్తేది కాదు. వాడి నోట అన్నిళ్ల పేర్లూ వచ్చేవి, ఒక్కసారైనా "నాది" అన్న మాట రాలేదు. ఆ మాట వినాలని ఆమెకు ఎంత ఉండేదో మిషనుకు తెలుసు, ఆమెకు తెలుసు. మరి మొక్కు మీద నమ్మకం ఉందా అంటే, అంతగా లేదు. తీసి పక్కన పెట్టే ధైర్యం ఉందా అంటే అదీ లేదు. ఇద్దర్ని మట్టిలో పెట్టి వచ్చిన తల్లికి ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది?

అది డెబ్బై నాలుగు, జనవరి. భిక్షపతి శాళ నుంచి పరుగెత్తుకొచ్చి గడప మీదే ఆగి, రెండు వేళ్లు గొంతు కింద అడ్డంగా పెట్టుకున్నాడు.

"అమ్మా, నాకు నల్ల సీతాకోకచిలుక కావాలె. ఈడ!"

శాళలో గ్యాదరింగ్ అట, బడి వార్షికోత్సవం. ఊళ్లోంచి పెద్దమనిషి ఎవరో వస్తాడట. పన్నెండుమంది పిల్లలు వరసగా నిలబడి స్వాగతం పాట పాడాలట. అందరికీ తెల్ల అంగీ, మెడకు నల్ల బో టై. టీచరు ఉమాబాయి కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చింది కూడా. ఆ బొమ్మలో అది నిజంగానే రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలాగే ఉంది. తెల్ల అంగీకి దిగుల్లేదు, రాజన్న ఇంటి నుంచి వచ్చిందొకటి పెట్టెలో ఉంది. చిక్కంతా సీతాకోకచిలుకతోనే.

ముందుగా వాదన లేచింది. భిక్షపతి తండ్రి మారోతి మిల్లు నుంచి వచ్చి, నెత్తిన అంటిన దూది కూడా దులుపుకోకుండా తల్లి ముందు కూర్చున్నాడు.

"అమ్మా, గది బట్ట కాదే. మెడకు పెట్టుకునేటిది. నగ అనుకో. నగకు మొక్కు అడ్డం రాదు గద."

"నగనా?" అంది శివవ్వ. "నగయితే తీస్కపోయి తాకట్టు పెట్టిరా పో. సేటు ఏమంటడో నేను సుత ఇంట."

మారోతి నెత్తిమీది దూది దులుపుకొని లేచిపోయాడు. తల్లితో వాదించి గెలిచిన రోజు అతని జీవితంలో లేదు, ఆ రోజు కొత్తగా వస్తుందన్న ఆశా అతనికి లేదు.

సరే, అయిదిళ్ల గుడ్డతోనే చేద్దామనుకుంది ఇందుబాయి. కానీ అసలు ఆ బో ఎట్లా కుడతారు? రవికెలు, గౌనులు, అంగీలు ఎన్ని కుట్టినా ఇది ఆమె చేతికి తగలని వస్తువు. గల్లీ మొత్తంలో బో టై ఉన్నది ఒక్క బాబురావ్‌కే. అతను పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఎర్ర కోటు, బంగారు జరీ అంచుల ఎర్ర బో. అడిగిన వెంటనే తెచ్చి భిక్షపతి మెడకే పెట్టేశాడు. అది వాడి ఒక చెవి నుంచి రెండో చెవి దాకా వచ్చింది. జడ, దాని కింద ఆ ఎర్ర బో, చూస్తే అచ్చం గంగిరెద్దే. "డోలు ఒకటి తక్కువయింది" అని బాబురావ్ పొట్ట పట్టుకొని నవ్వాడు. భిక్షపతి ఇంకా ఎక్కువ నవ్వాడు, నవ్వినప్పుడల్లా బో వాడి గడ్డాన్ని పైకి నెట్టింది.

ఇందుబాయి ఆ బోను వెనక్కి తిప్పి చూసింది. ఇన్నాళ్లూ అదేదో గొప్ప ముడి అనుకుంది, ముడి లేనే లేదు. పొడుగు గుడ్డను మడిచి, నడుమ కుచ్చు పట్టి, కుచ్చు మీద చిన్న పట్టీ చుట్టి కుట్టారు. వెనక లాస్టిక్. "గింతేనా!" అని పైకే అనేసింది. ఒక పక్క కుట్టు విప్పి లోపల ఏం పెట్టారో చూసింది, మళ్లీ వేసింది. ముందుకన్నా శుభ్రంగా వేసింది కూడా. ఆ తర్వాత పెళ్లిలో తన బో ఒకవైపు నిటారుగా, ఒకవైపు వాలిపోయి ఉందని బాబురావ్ ఫిర్యాదు చేస్తే, రెండోవైపు కూడా విప్పి సరిచేయాల్సి వచ్చింది.

కుట్టడం తెలిసింది. ఇక గుడ్డ. శివవ్వ వెంట ఉండి కోడలిని అయిదిళ్లకు బయలుదేరదీసింది.

ఇక్కడే వచ్చింది అసలు తిరకాసు. నలుపు కావాలని నోరు తెరిచి అడగకూడదు. అడగకపోతే, పసివాడికి అశుభమని, నలుపు వేసే మనిషి నాందేడ్ మొత్తంలో ఉండదు. అందరికీ వాడంటే ముద్దు, అందుకే అందరూ ఇంట్లో ఉన్నవాటిలో కళకళలాడే ముక్కే వెతికి తెచ్చారు. రఖమాబాయి తన అక్క పెళ్లిలో పెట్టిన ఆకుపచ్చ ఖణం రవికెగుడ్డలోంచి ముక్క చింపి వేసింది. రాజన్న తన పసుపుపచ్చ రుమాలు అంచు ఇచ్చాడు. బాబురావ్ పెళ్లాం బ్యాండు కోటు కుట్టగా మిగిలిన ఎర్ర ముక్క వేసింది.

నాలుగోది మహబూబీ ఇల్లు. ఆమె మంచం మీద కొత్త బుర్ఖా గుడ్డ పరిచి ఉంది, పక్కనే కత్తిరించిన ముక్కలు. నల్లగా, మెత్తగా, ఒక్క ముక్క చాలు. ఇందుబాయి కళ్లు వాటి మీదే ఉండిపోయాయి. "తోచింది వెయ్యి తల్లీ" అంటున్నప్పుడు గొంతు కూడా అటే తిరిగింది. మహబూబీ ఆ చూపు చూసింది, పాపం, మరోలా అర్థం చేసుకుంది. గబగబా ముక్కలన్నీ దిండు కింద తోసేసింది.

"అరె, ఫికర్ చెయ్యకు ఇందూ. పిల్లగానికి నలుపు ఇస్తనా నేను? తౌబా!" అంటూ పెట్టె అడుగు నుంచి గులాబీరంగు సాటిన్ ముక్క తీసి కొంగులో వేసి, కొంగు మీద చేయి పెట్టి దీవించింది.

దీవెనకు కాదని ఎవరంటారు? ఇందుబాయి నవ్వి దండం పెట్టింది.

అయిదో ఇంటికి తాళం. వాళ్లు దెగ్లూర్‌లో పెళ్లికి పోయారట, ఎప్పుడొస్తారో తెలియదట. నాలుగు ముక్కలతో ఇంటికొచ్చి ఇందుబాయి మిషను ముందు కూర్చుంది. ఆకుపచ్చ, పసుపుపచ్చ, ఎరుపు, గులాబీ, నాలుగూ పక్కపక్కన అతికి, మడిచి, నడుమ కుచ్చు పట్టింది. అయిదోది వాళ్లు వచ్చాక కలుపుదామనుకుంది. చూడటానికి ముచ్చటగానే ఉంది. భిక్షపతి దాన్ని చేతిలో పట్టుకొని "గిది మావ్షిది, గిది కాకది, గిది బాబురావ్ కాకోల్లది, గిది ఖాలాది" అని ఒక్కో రంగునూ వేలితో చూపిస్తూ గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగొచ్చాడు. నలుపు గురించి ఎవరూ మాటెత్తలేదు. ముద్దుగా ఉంటే ఉమాబాయి ఒప్పుకుంటుందిలే అని అందరూ ఎవరికి వారు సర్దిచెప్పుకున్నారు.

ఉమాబాయి ఒప్పుకోలేదు. ఆమె మంచి మనిషే. బో చూసి మెచ్చుకుంది, వాడి బుగ్గ నిమిరింది. కానీ పన్నెండుమందీ ఒక్కలాగే ఉండాలి, పదకొండు నలుపుల మధ్య ఒక్క రంగులరాట్నం ఎట్లా నిలబెడుతుంది? ఎల్లుండికల్లా నల్లది దొరికితే సరే, లేకపోతే వాడికి వేరే పని ఇస్తానంది.

ఆ మధ్యాహ్నం భిక్షపతి ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చొని, ఏమీ జరగనట్టే చెప్పాడు.

"అమ్మా, నేను పాట పాడనట. పరదా గుంజుతనట."

ఇందుబాయి చేతిలో గంటె ఆగిపోయింది. "పాడనా? మరి నువ్వేమన్నవు?"

"సరే అన్న." పప్పు కలుపుకుంటూ అన్నాడు వాడు. "పరదా సుత మంచిగనే ఉంటది. తాడు గుంజితే జరుగుతది."

వాడు ఏడ్చి ఉంటే ఆమె తట్టుకునేది. పిల్లవాడు ఏడిస్తే ఎత్తుకోవచ్చు, బెల్లం ముక్క పెట్టొచ్చు. వాడు ఏడవలేదు, అలగలేదు, అడగను కూడా అడగలేదు. పుట్టినప్పటి నుంచి ఏదిస్తే అదే తొడుక్కున్నాడు కదా, ఇప్పుడు ఏదిస్తే దానితోనే తృప్తిపడటం నేర్చుకున్నాడు. నాకిది కావాలి అని పట్టుబట్టడం వాడికి ఎవరూ నేర్పలేదు. అది తలుచుకొని ఇందుబాయి గుండె చెరువైంది. మూల పొయ్యి దగ్గర రొట్టె కాలుస్తున్న శివవ్వ కూడా విన్నది. రొట్టె మాడిన వాసన వచ్చేదాకా ఆమె దాన్ని తిప్పలేదు.

ఇందుబాయి చెయ్యి కడుక్కొని లేచింది. నేరుగా సందుగ దగ్గరికి పోయి, పెళ్లిచీర కింద నుంచి కాగితంలో చుట్టిన పొట్లం తీసింది. లోపల జానెడు నల్ల మఖమల్. భిక్షపతి కడుపులో ఉన్నప్పుడు, ఏడో నెలలో, వజీరాబాద్ దుకాణంలో కొన్నది. పుట్టబోయే బిడ్డకు కుల్లాయి కుడదామని, నల్లదైతే దిష్టి తగలదని ముచ్చటపడి తెచ్చుకుంది. వాడు పుట్టాడు, మొక్కు వచ్చింది, ముక్క సందుగలోకి పోయింది. అయిదేళ్లుగా ఆమె దాన్ని ఎన్నిసార్లు తీసి చెంపకు ఆనించుకొని మళ్లీ పెట్టిందో లెక్కలేదు.

మఖమల్‌ను మిషను మీద పరిచింది. కత్తెర చేతిలోకి తీసుకుంది. అత్త చూస్తే చూడనీ, అరిస్తే అరవనీ అనుకుంది. కత్తెర తెరిచింది. అంతే, చేయి అక్కడే ఉండిపోయింది. కొయ్యలేకపోయింది. ఆ రెండు చిన్న ముఖాలు కళ్లముందు మెదిలాయి. అత్త మీద కోపం వచ్చింది, తన మీద అంతకన్నా ఎక్కువ కోపం వచ్చింది. కత్తెర కింద పెట్టి, మఖమల్ మీద అరచెయ్యి పెట్టుకొని కూర్చుండిపోయింది.

శివవ్వ అంతా చూసింది. తిట్టలేదు. రొట్టెల గిన్నె మీద మూత పెట్టి, కొంగు దులుపుకొని బయటికి పోయింది. ఎవరింట్లోనో కూర్చొని నా మీద చాడీలు చెబుతుంది కాబోలు అనుకుంది ఇందుబాయి.

కొంచెంసేపటికి గడప బయట నుంచి గొంతు వినిపించింది.

"ఇంట్ల ఎవలన్న ఉన్నరా తల్లీ?"

ఇందుబాయి తలెత్తి చూసింది. శివవ్వ. చెప్పులు లేవు. తల నిండా కొంగు కప్పుకొని, మిగిలిన కొంగును రెండు చేతుల్తో పరిచి పట్టుకొని గల్లీలో నిలబడి ఉంది.

"అత్తా! గిదేంది? లోపలికి రా."

"అత్త ఎవలమ్మా నీకు? నేను అడుక్కోనీకి అచ్చిన. పిల్లగానికి గుడ్డపీలిక. తోచింది వెయ్యి తల్లీ."

ఎదురింటి గడపలో గోధుమలు చెరుగుతున్న రఖమాబాయి చాట పక్కన పెట్టి లేచింది. మహబూబీ పరదా తొలగించి చూసింది. బాబురావ్ క్లారినెట్ చేతిలో పట్టుకొనే బయటికొచ్చాడు.

"శివవ్వా, నీ ఇంట్ల నువ్వే అడుక్కుంటున్నవా?" అంది రఖమాబాయి.

శివవ్వ కొంగు దించకుండానే తల మాత్రం తిప్పింది. "నా ఇల్లని ఎవలన్నరు? మిషను ఆమెది, సందుగ ఆమెది, సందుగల ఏమున్నదో ఆమెకే ఎరుక. గిది ఇందుబాయి ఇల్లు. నాలుగిళ్లు తిరిగినం, ఒక ఇంటికి తాళమున్నది. ఇగ అయిదో ఇల్లు గిదే."

ఇందుబాయి ఆ ఇంట్లో అడుగుపెట్టి ఎనిమిదేళ్లయింది. ఎనిమిదేళ్లలో అది శివవ్వ ఇల్లు, శివవ్వ పొయ్యి, శివవ్వ గడప. ఇందుబాయి ఇల్లు అన్న మాట ఆమె చెవిన పడటం అదే మొదలు. మఖమల్ ముక్కను రెండు చేతులతో పట్టుకొని గడప దగ్గరికి వచ్చింది. లోపల ఆమె, బయట అత్త, నడుమ గడప.

"నలుపు ఉన్నదత్తా..." అని గొణిగింది.

"నేను నలుపని అడగలే, తెలుపని అడగలే. తోచింది వెయ్యమన్న." శివవ్వ గొంతు కొంచెం తగ్గించింది. "దిష్టిచుక్క తెల్లగ పెడ్తరానే ఎవలన్న? మెడకాడ దిష్టిచుక్క అనుకుంట. వెయ్యి."

ఇందుబాయి వేసింది. పరిచిన కొంగులో ఆ నల్లని జానెడు ముక్క మెత్తగా వాలింది. శివవ్వ అన్నేళ్లుగా అడుక్కుంటూ తిరిగిన మనిషే, అయినా ఇంత భయంగా ఎప్పుడూ పట్టలేదు కొంగు. కళ్లు మూసుకొని, మాహూర్ దిక్కుకు తిరిగి, పెదవులు కదిలించింది. ఏం చెప్పిందో ఆ రేణుకమ్మకూ ఈమెకూ మాత్రమే తెలియాలి.

ఆ తర్వాత శివవ్వ గడప దాటి లోపలికొచ్చింది, వస్తూనే అత్తయిపోయింది.

"పట్టు. గట్ల చూస్తవేంది? కూసోని కుట్టు. ఎల్లుండనంగ గ్యాదరింగు పెట్టుకొని ఏడుస్తరా?"

ఇందుబాయి ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే కొడుకును పిలిచింది. "ఓ బిచ్చూ, ఇటు రా. మెడ కొలవాలె."

టేపు తీసి వాడి మెడ చుట్టూ వేసింది. అప్పుడు తట్టింది ఆమెకు. ఊరందరి పిల్లల కొలతలూ నోటికొచ్చు, సొంత కొడుకు కొలత ఒక్కటీ తెలియదు. అడుక్కొచ్చిన అంగీకి కొలతెందుకు? ఉన్నది ఉన్నట్టు తొడగడమే. టేపు తగిలి వాడు కితకితలకు మెలికలు తిరిగాడు, గడ్డం ఛాతీకి నొక్కేసి టేపును పట్టేశాడు. మూడుసార్లు కొలిస్తే గాని తేలలేదు. పది ఇంచులకు ఒక నూలు, అంటే ఇంచులో ఎనిమిదో వంతు, తక్కువ. పుస్తకంలో రాసుకోలేదు. రాసుకోవాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదు.

కత్తెర ఈసారి మఖమల్‌లో హాయిగా నడిచింది. నలుగురిచ్చిన ముక్కలను పారేయడానికి ఆమెకు మనసొప్పలేదు. రంగుల బోను విప్పి, అదే లోపలి అస్తరుగా పెట్టి, దానిమీద మఖమల్ వేసింది. పైన నలుపు, తిప్పి చూస్తే నాలుగు రంగులు. లోపల బిగువు కోసం గంజిలో ముంచి ఆరబెట్టిన గుడ్డ పెట్టింది. లాస్టిక్ లేదు, ఉంటే మాత్రం ఎందుకు? రవికెలు కుట్టే చెయ్యి, వెనక పట్టీకి రవికె హుక్కే వేసి, ఎదురు దారంతో కాజా చుట్టింది. భిక్షపతి మెడకు పెట్టి హుక్కు తగిలిస్తే టిక్కుమని కూర్చుంది. అటు కదలదు, ఇటు వాలదు. తన బోకు కూడా హుక్కే వేసిపెట్టమని బాబురావ్ ఆ పూటే గడపలో కూర్చున్నాడు.

గ్యాదరింగ్ రోజు సాయంకాలం శాళ మైదానంలో గల్లీకి గల్లీ అంతా ముందు వరసలోనే ఉంది. ముందు వరస పెద్దమనుషులకని ఎవరో చెప్పబోతే, శివవ్వ చూసిన చూపుకు వాళ్లు వేరే వరస చూసుకున్నారు. మారోతి మిల్లు నుంచి నేరుగా వచ్చాడు, ఎప్పటిలాగే నెత్తిన దూదితో. పరదా వేరే పిల్లవాడెవడో గుంజాడు. పన్నెండు తెల్ల అంగీలు, పన్నెండు నల్ల బోలు. అందులో ఒకటి మాత్రం దీపాల వెలుగుకు నిగనిగలాడింది, దాని వెనక నుంచి జడ ఒకటి వేలాడింది. భిక్షపతి పాట మొత్తం గడ్డం పైకెత్తే పాడాడు, గడ్డం కింద ఉన్నది అందరికీ కనబడాలి కదా. పాట మధ్యలో ఒక చరణం మరిచిపోయాడు, అప్పుడు కూడా గడ్డం దించలేదు.

పాట అయ్యాక అతిథి వేదిక మీదికి వచ్చాడు. తెల్లటోపీ పెట్టుకున్న ముసలి హెడ్‌మాస్టరు, ఎప్పుడో పనిలోంచి దిగిపోయినవాడు. వరసలో ఒక్కొక్కరి తలా నిమురుతూ వచ్చి భిక్షపతి దగ్గర ఆగాడు. మఖమల్‌ను వేలితో తాకి, ముచ్చటపడి మరాఠీలో అడిగాడు, "అరే వా! హా టాయ్ కోణాచా రే బాళా?" ఈ టై ఎవరిదిరా నాయనా, అని.

ఆ ప్రశ్న వినగానే ముందు వరస సర్దుకొని కూర్చుంది. అప్పజెప్పడం వాడికి కొత్తా? రఖమాబాయి కొంగు సరిచేసుకుంది. మహబూబీ ముందుకు వంగింది. భిక్షపతి వాళ్లను నిరాశపరచలేదు. బోను తిప్పి లోపలి రంగులు చూపించాడు. "ఇది రఖమా మావ్షిది. ఇది రాజన్న కాకది. ఇది బాబురావ్ కాకోల్లది. ఇది మహబూబీ ఖాలాది." ఒక్కో పేరుకు ఒక్కో చోట నవ్వులు, చప్పట్లు. బాబురావ్ ఈల కూడా వేశాడు.

ముసలాయన పొట్ట కదిలేలా నవ్వాడు. "అన్నీ వాళ్లవేనా? మరి నీదేదిరా?"

ఈ ప్రశ్న భిక్షపతిని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. బోను తిప్పి మళ్లీ నలుపు పైకి తెచ్చాడు. దాని మీద అరచెయ్యి మొత్తం పెట్టుకున్నాడు. "మాఝా" అన్నాడు ముందు, ముసలాయన అడిగిన మరాఠీలోనే. ఆ తర్వాత ముందు వరసలో తల్లిని చూసి, మైదానం చివరి దాకా వినబడేలా అరిచాడు.

"ఇది నాది! మా అమ్మ కుట్టింది! నా మెడ కొలిచి కుట్టింది!"

ఇందుబాయికి చప్పట్లు వినబడలేదు. ఆ ఒక్క మాటే చెవిలో నిండిపోయింది. అయిదేళ్లుగా మిషను మీద తల వంచుకొని ఎదురుచూసిన మాట అది. ఆమె తల ఎత్తి, కళ్లు తుడుచుకోకుండా, కొడుకును తనివితీరా చూసుకుంది. అంత సంతోషం ఆమె ఎరగదు.

పక్కన శివవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. నాది అనేశాడే, కొండకు పోకముందే అనేశాడే! మారోతి భయంగా తల్లి వైపు చూశాడు. శివవ్వ రెండు చేతులూ మనవడి వైపు చాచి, కణతలకు ఆనించుకొని మెటికలు విరిచింది. పదికి పది విరిగాయి.

"అననీ," అంది గట్టిగా, ఎవరితోనో తగాదా పడుతున్నట్టు. "అడుక్కున్నది నేను. వాడు కాదు." తర్వాత కోడలి మోకాలి మీద చరిచింది. "చైత్రంల మాహూర్ పోయొచ్చినంక అంగీ గుడ్డ నేను కొంట. నిక్కరుది సుత. కొలతలు నీకెరుకే గద?"

"నాకు మెడ ఒక్కటే ఎరుకత్తా," అంది ఇందుబాయి.

"మరింక ఊకె కూసున్నవేంది? వాడు దిగంగనే పట్టుకొని మిగిలినయి గూడ తీస్కో" అంది శివవ్వ, కొంగు ముడి విప్పి, ఇంటి నుంచి తెచ్చిన టేపు కోడలి చేతిలో పెడుతూ.